తాతముత్తాతల పేర్లు ఎక్కడ దొరుకుతాయి? కుటుంబ చరిత్రకు రికార్డులు వెతికే దారి

వంశవృక్షం గీద్దామని కూర్చున్నవారిలో చాలామంది తాతగారి తండ్రి పేరు దగ్గరే ఆగిపోతారు. చెప్పగలిగిన పెద్దలు వెళ్లిపోయారు, రాసిపెట్టినవారు అసలే లేరు. ఇంటర్నెట్‌లో వెతికితే ఇంగ్లండ్, అమెరికా వాళ్ల పాత జనాభా లెక్కల కాగితాలు కుప్పలుగా కనిపిస్తాయి. మనకు ఆ దారి లేదు. 1881 నుంచి 2011 వరకు పదేళ్లకోసారి జనగణన జరిగినా, ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలు మామూలు జనానికి ఇవ్వరు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం అవి రహస్యం.

కానీ మనల్ని ఏలినవాళ్లు మనుషులకంటే శ్రద్ధగా భూమిని లెక్కపెట్టారు. శిస్తు ఎవరు కట్టాలో తెలియాలి కాబట్టి ప్రతి చెక్కకూ ఒక పేరు రాశారు, ఆ పేరు పక్కన తండ్రి పేరు రాశారు. మనుషులు ఊళ్లు మారతారు, దత్తత వెళ్లి ఇంటిపేరు మార్చుకుంటారు. పొలం మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే తెలుగునాట కుటుంబ చరిత్ర వెతకడమంటే చాలావరకు ఒక సర్వే నంబరును పట్టుకుని వెనక్కి నడవడమే. పొలం లేని కుటుంబాలకు దారులు వేరు. వాటి గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే ఈ పని వారికే ఎక్కువ కష్టం, వారికే ఎక్కువ అవసరం.

1. ముందు ఇంట్లో

ఏ ఆఫీసుకూ వెళ్లకముందే బంధువుల్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేయండి. "మన చరిత్ర చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. తాతగారికి అక్కచెల్లెళ్లు ఎందరు, వారిని ఏ ఊళ్లకు ఇచ్చారు? పొలాలను ఇంట్లో ఏ పేర్లతో పిలిచేవారు? ఇలవేల్పు గుడి ఏ ఊళ్లో ఉంది, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించేవారు? ఈ ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. కుటుంబం వలస వచ్చి నాలుగు తరాలైనా, ఇలవేల్పు మాత్రం బయలుదేరిన ఊళ్లోనే ఉండిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

పెద్దలు తేదీలు చెప్పరు, సంవత్సరాల పేర్లు చెబుతారు. "మా నాన్న రక్తాక్షిలో పుట్టాడు" అంటే అది 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు, 1984-85 కావచ్చు. అరవై ఏళ్ల చక్రంలో ఏది సరిపోతుందో మిగతా వయసులను బట్టి తేలుతుంది. ఉగాది నుంచి ఉగాదికి లెక్క కాబట్టి రెండు ఇంగ్లీషు సంవత్సరాలూ రాసుకోండి. కరువులు, ఉప్పెనలు కూడా తేదీలే. నందన కరువు 1832-33, ధాత కరువు 1876-77, మూసీ వరద 1908 సెప్టెంబరు, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు. తెలంగాణ పల్లెల్లో "పోలీసు చర్యకు ముందు, తర్వాత" అన్న గీత 1948 సెప్టెంబరు దగ్గర పడుతుంది.

తద్దినాలు పెట్టే ఇళ్లలో ఒక రికార్డు నోటి మీదే ఉంటుంది. తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు: ఇలా మూడు తరాల పేర్లు గోత్రంతో సహా చెప్పాలి. తద్దినం పెట్టే పెద్దాయనను గాని, కుటుంబ పురోహితుణ్ని గాని అడిగి రాసుకోండి. ప్రవర చెప్పే పెళ్లిళ్లలో వధూవరుల ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరుసగా వస్తాయి. ఆ మూడు తరాలను లగ్నపత్రికలో రాసుకున్న ఇళ్లూ ఉన్నాయి, అందుకే పాత లగ్నపత్రికలు దొరికితే వదలవద్దు.

తర్వాత ట్రంకు పెట్టెలు తెరవండి. శిస్తు రసీదులు, తనఖా పత్రాలు, ప్రోనోట్లు, జాతకాలు, శుభలేఖలు, ఫొటోల వెనుక రాతలు, అన్నీ చూడండి. పాత పంచాంగాల అంచుల్లో పిల్లల పుట్టుక, పెద్దల మరణం రాసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉండేది. చిరిగిన కాగితానికి సెల్లో టేపు వేయవద్దు, లామినేషన్ అసలే వద్దు. రెండువైపులా ఫొటో తీసి, పొడి కవరులో పెట్టండి.

2. మీ ఊరు అప్పుడు ఎవరి కింద ఉండేదో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేస్తే ఆఫీసుల చుట్టూ ఊరికే తిరుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు అన్నీ తాలూకాలే. తెలంగాణ జిల్లాలు 2016లో, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లో విడిపోయాయి. అంతకంటే వెనక్కి వెళ్తే చిక్కు ఇంకా ఎక్కువ. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలోది, తర్వాత 1970 వరకు గుంటూరు జిల్లాలోది. భద్రాచలం ప్రాంతం 1959 వరకు గోదావరి జిల్లాలదే. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా మునగాల పరగణా కృష్ణా జిల్లా కింద నడిచింది. మీ ఊరికి 1900, 1950, 1980 సంవత్సరాల్లో ఏ తాలూకా, ఏ జిల్లా, ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు అన్నది ఒక కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకోండి. పాత జిల్లా గెజిటీర్లు, మాన్యువళ్లు దీనికి పనికొస్తాయి. వాటిలో చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

ఊరు రైత్వారీదా (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేది), జమీందారీదా, ఇనాం గ్రామమా (మాన్యంగా ఇచ్చినది), తెలంగాణలో అయితే దివానీదా (నేరుగా నిజాం ప్రభుత్వం కిందిది), జాగీరా (నిజాం ఒకరికి అప్పగించినది) అన్నది కూడా తెలుసుకోండి. ఏ రిజిస్టరు అడగాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

3. సర్వే నంబరు వెంట వెనక్కి: ఆంధ్ర ప్రాంతం

మీభూమి వెబ్‌సైటులో గ్రామం ఎంచుకుని 1బి (పట్టాదారు ఖాతా), అడంగల్ (పొలం, సాగు వివరాల లెక్క) చూడండి. బంధువుల పేరుతో ఉన్న పొలం సర్వే నంబరు రాసుకోండి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు కనిపిస్తుంది. మీకు కావలసింది పాత నంబరు, కాబట్టి రెండింటి పొంతన వివరం గ్రామ రెవెన్యూ అధికారిని అడగండి. నంబరు పక్కన గీత వేసి ఉన్న అంకెలు, అక్షరాలు భాగ పంపకాల గుర్తులు. 112/1ఎ, 112/1బి అన్నదమ్ముల వాటాలై ఉండవచ్చు. వెనక్కి వెళ్లేకొద్దీ అవి కలిసిపోయి చివరికి 112 ఒక్కటే మిగులుతుంది. అక్కడ ఉన్న పేరు ఉమ్మడి పూర్వీకుడిది కావచ్చు.

రైత్వారీ గ్రామాలకు అసలైన గని రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, ఆఫీసుల్లో ఆర్‌ఎస్‌ఆర్ అనీ డైగ్లాట్ అనీ పిలిచేది. చాలా చోట్ల అది 19వ శతాబ్దం చివరికి, 20వ శతాబ్దం తొలి దశాబ్దాలకు మధ్య తయారైంది. ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. తహసీల్దారు ఆఫీసులో గాని, కలెక్టరేట్ రికార్డు గదిలో గాని దొరుకుతుంది. జమీందారీ గ్రామాలకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగండి.

ఇనాం భూములైతే ఇంకా వెనక్కి వెళ్లవచ్చు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి ప్రతి మాన్యాన్నీ విచారించింది. ఆ వివరాలే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మాన్యం మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, మధ్యలో ఎవరి పేరున ఉంది, విచారణ నాటికి అనుభవిస్తున్నవారెవరు, వారి వయసెంత, మొదటివారికి వారేమవుతారు అన్నవి గడుల్లో రాసి ఉంటాయి. ఒకే పేజీలో మూడు నాలుగు తరాలు పట్టుబడే రికార్డు తెలుగునాట ఇంకొకటి లేదని నా అభిప్రాయం. అర్చకుల, కరణాల కుటుంబాలవారే కాదు, చాకలి, మంగలి, కుమ్మరి, వెట్టి మాన్యాలు అనుభవించిన కుటుంబాలవారు కూడా దీన్ని తప్పకుండా చూడాలి.

కరణాలు, మునసబుల పదవులు 1984లో రద్దయ్యాయి. లెక్కలన్నీ ప్రభుత్వానికి అప్పగించాలని ఉన్నా, కొన్ని పాత పుస్తకాలు వారి ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. ఊళ్లో కరణంగారి వారసులుంటే మర్యాదగా వెళ్లి అడగండి.

4. తెలంగాణలో

ఇప్పటి వివరాలు భూభారతి పోర్టల్‌లో చూసి సర్వే నంబరు తీసుకోండి. అక్కడి నుంచి తహసీల్దారు ఆఫీసులో పాత పహాణీలు (ఏటా రాసే పొలం లెక్కలు) అడుగుతూ వెనక్కి వెళ్లండి. చేరవలసిన మొదటి మజిలీ 1954-55 ఖాస్రా పహాణీ. పట్టాదారు, అనుభవదారు ఇద్దరి పేర్లూ ఉంటాయి, అందుకే కౌలుదారుల కుటుంబాలకూ అది పనికొస్తుంది. కౌలు చేసినవారి కోసం 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరు కూడా అడగండి. ఖాస్రాకు వెనుక సేత్వార్ అనే సర్వే రిజిస్టరు ఉంటుంది. అది నిజాం కాలపు సర్వే నాటిది, చాలావరకు ఉర్దూలో ఉంటుంది.

ఉర్దూ రాదని వెనుదిరగకండి. అడిగితే చదివిపెట్టే పెద్దలు ఏ పట్టణంలోనైనా ఉంటారు. మీరు పట్టుకోవలసిన మాటలు కొన్నే. మల్లయ్య వల్ద్ ఎల్లయ్య అంటే ఎల్లయ్య కొడుకు మల్లయ్య. జౌజే అంటే భార్య, బేవా అంటే వితంతువు, విరాసత్ అంటే వారసత్వంగా పేరు మారడం. విరాసత్ మంజూరైన ఏడాది తెలిస్తే, అంతకుముందు పట్టాదారు చనిపోయారని తేలినట్టే. ఇంటిపేర్లు చాలా చోట్ల ఉండవు, కాబట్టి తండ్రి పేరు, సర్వే నంబరు రెండూ కలిస్తేనే మీ మనిషి అని నమ్మండి. సంవత్సరం ఫసలీలో (రెవెన్యూ లెక్కల సంవత్సరంలో) ఉంటే 590 కలపండి. 1364 ఫసలీ అంటే 1954-55.

జాగీరు గ్రామాల పాత కాగితాలకు, పారసీ రికార్డులకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. కోస్తా, సీమ జిల్లాల బ్రిటిష్ కాలపు రెవెన్యూ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ముఖ్యం. బ్రిటిష్ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కావలి సోదరుల సాయంతో సేకరించిన గ్రామ కైఫీయతుల్లో (ఊరి చరిత్రల్లో) పేరున్న ఊరైతే, 1800 ప్రాంతం నాటి కరణాలు, దేవాలయాలు, మాన్యాల వివరాలు దొరకవచ్చు.

రెండు రాష్ట్రాల్లోనూ దరఖాస్తు రాసే తీరు ఒక్కటే. "మా పూర్వీకుల వివరాలు ఇప్పించగలరు" అని రాస్తే ఏ గుమస్తా ఏమీ చేయలేడు. గ్రామం, సర్వే నంబరు, రిజిస్టరు పేరు, సంవత్సరం, ఈ నాలుగూ రాసి నకలు అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. వెతికే ఓపికగల పాత ఉద్యోగి ఒకరు దొరికితే మీ పని సగమైనట్టే.

5. రిజిస్ట్రేషన్ ఆఫీసు: ఒక దస్తావేజును ఎలా చదవాలి

కంప్యూటర్‌లో తీసే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) సాధారణంగా 1983 నుంచే మొదలవుతుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తిప్పి చూడాలి. పేర్లవారీ సూచిక ఒకటి, ఆస్తులవారీ సూచిక ఒకటి ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు చనిపోయాక ఆ నకలు ఎవరైనా కోరవచ్చు.

నకలు చేతికి వచ్చాక ఎకరాలు, వెల చూసి పక్కన పెట్టేయకండి. పాత విక్రయ దస్తావేజును మాట మాటా చదవాలి. "ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు ఫలానా వారి కుమారుడు" అని మొదలైతే, ఆ తేదీకి తండ్రి లేరని తెలిసింది. "నేను, నా మైనరు కుమారునికి సంరక్షకుడనై" అంటే కొడుకు పుట్టాడు, ఇంకా పద్దెనిమిది నిండలేదు. "కుమార్తె వివాహ నిమిత్తం చేసిన అప్పు తీర్చుటకు" అంటే ఆ దగ్గరలోనే ఒక పెళ్లి జరిగింది. "మా తాతగారు ఫలానా సంవత్సరంలో ఫలానా నంబరు దస్తావేజు మూలంగా కొనుగోలు చేసి" అన్నచోట తరువాతి మెట్టు దొరికింది. ఆ లింకు దస్తావేజు నంబరుతో మళ్లీ సూచిక దగ్గరికి వెళ్లండి.

హద్దులు ఇంకా విలువైనవి. తూర్పు హద్దు, ఉత్తరపు హద్దు భూములు మీ ఇంటిపేరు వారివే అయితే, వారు అన్నదమ్ములో పినతండ్రి పిల్లలో అయ్యే అవకాశం ఎక్కువ. ఉమ్మడి చెక్క పంచుకున్నప్పుడు పక్కపక్కనే వాటాలు పడతాయి కదా. కింద సాక్షుల సంతకాలు చూడండి. బావమరుదులు, అల్లుళ్లు సాక్షి సంతకం పెట్టడం మామూలు. భాగ పంపిణీ పత్రం, అదే పారీఖత్తు, దొరికితే ఆ తరం అన్నదమ్ములందరి పేర్లూ ఒకేచోట దొరికినట్టు. దత్తత పత్రం దొరికితే ఇంటిపేరు హఠాత్తుగా ఎందుకు మారిందో తెలుస్తుంది. మామగారి భూమి అల్లుడి పేరున కనిపిస్తే ఇల్లరికం అయి ఉంటుందేమో ఆలోచించండి.

ఆస్తి తగాదా కోర్టుకెక్కిన కుటుంబమైతే దావా కాగితాలు వెతకండి. భాగాల దావాల్లో వంశవృక్షం గీసి దాఖలు చేస్తారు, తీర్పులో కూడా అది కనిపిస్తుంది. హైకోర్టు దాకా వెళ్లిన పాత తీర్పులు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్‌లో పేరు కొట్టి వెతకవచ్చు.

6. భూమి లేని కుటుంబాలు

భూమి రికార్డుల్లో పేరు లేదంటే ఆ కుటుంబానికి చరిత్ర లేదని కాదు. శిస్తు కట్టనివారి పేరు రాసుకునే అవసరం పాలకులకు రాలేదు, అంతే. పైన చెప్పిన సేవా మాన్యాలు, కౌలుదారుల జాబితాలతో పాటు ప్రభుత్వం పంచిన భూముల డి పట్టాల ఫైళ్లు చూడండి. వాటిలో లబ్ధిదారు, తండ్రి, కొన్నిసార్లు కుటుంబ సభ్యుల వివరాలు ఉంటాయి.

క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లు గొప్ప ఆధారం. మచిలీపట్నంలో ఆంగ్లికన్ మిషన్ 1841లో, గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో పని మొదలుపెట్టాయి. 1878 జూలై 3న ఒంగోలు మిషన్ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. బాప్తిస్మంతో పేరు మారిన చోట పాత పేరు, తండ్రి పేరు, పల్లె పేరు రిజిస్టరులో ఉన్నాయేమో పాస్టరుగారి సాయంతో చూడండి. ఉంటే అదే రెండు కాలాలను కలిపే ముడి. ముస్లిం కుటుంబాలు ఖాజీల దగ్గరి నికా రిజిస్టర్లతో మొదలుపెట్టవచ్చు.

మరో దారి ఆశ్రిత కులాల గాయకులు. కాపు, రెడ్డి కుటుంబాలకు పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, విశ్వకర్మలకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు కులపురాణాలు, గోత్రాలు, వంశాల పేర్లు పాడుతూ వచ్చారు. ఏ ఊళ్లు ఎవరి మిరాశీ (వంశపారంపర్య హక్కు) అన్న పంపకం వారిలో ఉంటుంది. మీ ఊరి మిరాశీ ఎవరిదో పెద్దలను అడిగి, వారిని ఇంటికి పిలిచి, తగిన సంభావన ఇచ్చి వినండి. చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. ఈ విద్య నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు, కాబట్టి అన్ని మెట్లలోకీ ముందు చేయవలసిన పని ఇది.

కాశీకి, గయకు వెళ్లిన పూర్వీకులుంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) చిట్టాలు చూడండి. యాత్రికుడి ఊరు, వెంట వచ్చినవారి పేర్లు, సంతకాలు వాటిలో ఉంటాయి. ఏ పండా దగ్గర మీ చిట్టా ఉందో తెలియాలంటే మీ పాత జిల్లా, ఊరు చెప్పాలి. రెండో మెట్టు ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది.

7. మిగతావి, త్వరగా

జనన మరణాల రిజిస్ట్రేషన్‌కు మద్రాసు రాష్ట్రంలో 1899 చట్టం, దేశమంతటికీ 1969 చట్టం ఉన్నాయి. పాత పల్లె రిజిస్టర్లలో ఖాళీలు ఎక్కువ, దొరికితే అదృష్టమే. బడి అడ్మిషన్ రిజిస్టరు అంతకంటే నమ్మకంగా దొరుకుతుంది. కాకపోతే అందులో పుట్టిన తేదీ జూలై 1 అని కనిపిస్తే పంతులుగారు అంచనాగా వేసినదనుకోండి. ప్రభుత్వ ఉద్యోగం చేసినవారికి సర్వీసు రిజిస్టరు, పింఛను కాగితాలు ఉంటాయి. ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు ఉంటాయి, పాత జాబితా అయితే ఒకే ఇంట్లో ఎవరెవరు ఉండేవారో తెలుస్తుంది.

ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. చాలామందికి తండ్రి పేరు, ఊరు కూడా ఇచ్చారు. స్పెల్లింగు మారుస్తూ నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి.

8. ఓడ ఎక్కి వెళ్లిన కుటుంబాలు

మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీల్లోని తెలుగువారు మూలం వెతుక్కుంటూ వస్తే, వారికి మనకంటే ఒక మంచి ఆధారం ఉంది. ఒప్పంద కూలీలుగా వెళ్లిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీది గుర్తులు రాసుకున్నారు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో చేరింది. 1911 వరకు మొత్తం 1,52,184 మంది వెళ్లారు. ఆ ఓడల జాబితాలు డర్బన్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫిజీ పాసులు (ఒక్కో కూలీ వివరాలు రాసిన పత్రాలు) సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి.

ఊరి పేరును ఇంగ్లీషు గుమస్తా విన్నట్టు రాశాడు. దాన్ని పైకి చదువుతూ, ఆ తాలూకాలోని గ్రామాల పేర్లతో పోల్చుకోండి. ఇక్కడ ఉన్నవారు కూడా ఈ జాబితాలు చూడాలి. "తాతగారి తమ్ముడు దేశాలు పట్టిపోయాడు" అనే మాట మీ ఇంట్లో ఉంటే, ఆయన పేరు ఏదో ఒక ఓడ జాబితాలో ఉండవచ్చు.

9. ఆడవాళ్ల పేర్లు, రాసుకునే పద్ధతి

భూమి రికార్డుల దారిలో ఆడవాళ్లు జారిపోతారు. "ఫలానా వారి భార్య" దగ్గరే కాగితం ఆగుతుంది. అందుకని వారిని విడిగా వెతకాలి. పసుపు కుంకుమల కింద కూతురికి ఇచ్చిన భూమి దస్తావేజుల్లో పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ ఉంటాయి. వితంతువు పేరున మారిన పట్టాలో ఆమె సొంత పేరు ఉంటుంది. తద్దినం మంత్రంలో, శుభలేఖల్లో, గుడికి ఇచ్చిన కానుకల మీద చెక్కిన పేర్లలో చూడండి. ఆమె పుట్టిన ఊరు తెలిస్తే, పై మెట్లన్నీ ఆ ఊళ్లో ఆమె తండ్రి పేరుతో మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ప్రతి పేరు పక్కనా అది ఎక్కడ దొరికిందో రాయండి: ఏ రిజిస్టరు, ఏ సంవత్సరం, ఎవరు చెప్పారు. పెద్దలు చెప్పింది ఒక రంగులో, కాగితంలో చూసింది ఇంకో రంగులో రాయండి. రెండూ కలవకపోతే రెండూ ఉంచండి. ఊహించినచోట చుక్కల గీత గీయండి, ఖాళీని ఖాళీగానే వదలండి. ఇంకా బతికి ఉన్నవారి వివరాలు, పుట్టిన తేదీలు నలుగురికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టవద్దు. వృక్షం ఒక రూపానికి వచ్చాక జిరాక్సులు తీయించి ముందుగా ఆడపడుచుల ఇళ్లకు పంపండి. వారి కొమ్మల్లోనే ఖాళీలు ఎక్కువ ఉంటాయి, నింపగలిగినవారూ అక్కడే ఉంటారు.